అడిల్సన్ పీఆర్

రెండు రిపోర్టులూ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనని, గురువారం ఇద్దరూ వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. కాపీ చేసిందెవరో తేలకపోతే ఇద్దరికీ సున్నా.

ఎబెన్ ఆ మెయిల్ రెండుసార్లు చదివాడు. అసలే వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి మోసి ఒళ్లు హూనమై ఉన్నాడు. సిడ్నీ శివారు ద పాండ్స్‌లోని అద్దె ఇంట్లో, బూట్లయినా విప్పకుండా పరుపు మీద కూలబడ్డాడు.

తప్పు తనదే. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులో వాళ్లకిచ్చిన టాపిక్ అలాంటిది మరి. బ్రెజిల్ ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో ఏ ప్రాంతం క్లబ్బులు ఎన్నున్నాయి, కొన్ని ప్రాంతాలకు చోటెందుకు దక్కడం లేదు. పాలకొల్లు కుర్రాడికి బ్రెజిల్‌లో తూర్పేదో పడమరేదో ఏం తెలుస్తుంది?

క్లాసులో అడిల్సన్ అని ఒక బ్రెజిల్ ఆయన ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడు చూసినా నిద్ర చాలని కళ్లు. ఎలా రాయాలో చూసుకోమని పాపం తన రిపోర్టు పంపాడు.

ఎబెన్ చూసుకోలేదు. పేరు మార్చి అదే పెట్టేశాడు. కనీసం చదవనైనా లేదు, మహానుభావుడు.

ఈ సబ్జెక్టు ఇప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ పోతే సీటు పోతుంది, సీటుతో పాటే వీసా. ఊళ్లో చర్చంతా లేచి నిలబడి, పాస్టరుగారు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి మరీ పంపించారు. వాళ్ల ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

దారి చూపించింది రూమ్మేటు పవన్.

"ఆయన వాట్సాప్ పేరు చూడరా ఒకసారి."

'అడిల్సన్ పీఆర్' అని ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీ. సిడ్నీలో తెలుగు స్టూడెంట్లు నిద్రలో కూడా కలవరించే మాట. మనవాళ్లు పెళ్లిసంబంధాల దగ్గర చెప్పుకుంటారుగానీ, ఈయన ఏకంగా పేరు పక్కనే తగిలించుకున్నాడేమిట్రా అని ఇద్దరూ అదివరకే నవ్వుకున్నారు.

"కాపీ కొట్టింది తనేనని ఆయన్నే ఒప్పుకోమను," అన్నాడు పవన్. "పీఆర్ ఉన్నాయనకి ఫెయిలైతే ఏంటంట, నెక్స్ట్ సెమ్‌లో మళ్లీ రాసుకుంటాడు. నీకైతే డైరెక్ట్‌గా ఫ్లైటే."

సిగ్గేసింది. అయినా అడిగాడు.

గురువారం విచారణ గది బయట బెంచీ మీద అడిల్సన్ పక్కన కూర్చుని, వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పుకున్నాడు. ఇదివరకే ఒకసారి ఫెయిలయ్యానన్నాడు. ఇంకోసారైతే దేశం వదిలిపోవాలన్నాడు. అసలు మాట మాత్రం అన్నిటికంటే చివర అడిగాడు.

"తప్పు మీదని చెప్పండి. మీరు పీఆర్ కదా, మీకేం కాదు."

అడిల్సన్ అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. పొద్దున్నే ఎక్కడో ఆఫీసులు తుడిచి వచ్చినట్టున్నాడు, చేతుల దగ్గర ఫినాయిలు వాసన. పీఆర్ వచ్చాక కూడా ఈయనకిదేం ఖర్మ అనుకున్నాడు ఎబెన్.

"అవును, పీఆర్," అన్నాడు అడిల్సన్ చివరికి. "నాకేం కాదు."

లోపల వాళ్లు అడక్కముందే, కాపీ చేసింది తనేనని చెప్పేశాడు. ఎబెన్ తల ఎత్తలేదు.

ఎబెన్ పాసయ్యాడు. అడిల్సన్ మళ్లీ క్లాసులో కనబడలేదు.

ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేవాడు. షిఫ్టు, బస్సు, వంట, ఇంత తిని పడుకోవడం. రేపు చేద్దాంలే. సెలవు పెట్టి ఉంటాడులే, పీఆర్ ఉన్న మారాజు.

సెమిస్టర్ ఆఖర్లో లెక్చరరమ్మ పిలిచి, రిపోర్టు చాలా బాగుంది, క్లాసుకి ఓ ఐదు నిమిషాలు వివరించమంది. ఆ రోజు మొదటిసారి తన రిపోర్టు తాను చదివాడు.

సగానికి పైగా క్లబ్బులు సావో పాలో, రియో ఉన్న ఆగ్నేయానివే. దక్షిణానికి కొన్ని. ఈశాన్యం క్లబ్బు కష్టపడి పైకొచ్చినా నిలదొక్కుకోవడం కష్టం. అమెజాన్ ఉన్న ఉత్తరానికైతే ఏళ్ల తరబడి ఒక్కటీ లేదు.

తర్వాతి పేరాలో క్లబ్బుల పేర్ల గొడవ. అట్లెటికో అనే పేరుతో చాలా క్లబ్బులున్నాయట. ఒకే క్లాసులో ముగ్గురు సత్యనారాయణలుంటే ఇంటిపేర్లతో పిలుచుకున్నట్టు, అక్కడ పేరు పక్కన రాష్ట్రం అక్షరాలు చేరుస్తారు. మనుషులకైనా అంతేనట. ఎంజీ అంటే మినాస్ జెరైస్. జీఓ అంటే గొయాస్. పీఆర్ అంటే పరానా.

ఎబెన్ ఆ ముక్క దగ్గరే ఆగిపోయాడు. వెంటనే అడిల్సన్‌కి ఫోన్ చేశాడు.

అవతల ఎవరో పోర్చుగీసులో ఎవరినో కేకేస్తున్నారు. బ్రెజిల్‌లో ఇంటికొచ్చేసి చాలా రోజులైందని అడిల్సన్ మామూలుగా చెప్పాడు. తనకీ ఆ సబ్జెక్టు పోవడం రెండోసారేనట, సీటూ వీసా పోయాయట. ఎవరో ఒకరు ఒప్పుకోకపోతే ఇద్దరూ పోయేవాళ్లు కదా అన్నాడు.

ఎబెన్‌కి ఏడుపు ఆగలేదు.

"నేను మీ రాష్ట్రం గురించి అడగలేదండీ. వీసా గురించి అడిగాను. మీరు పొరబడ్డారు, నా వల్లే పొరబడ్డారు."

అవతల తలుపు మూసిన చప్పుడు, కేకలు ఆగిపోయాయి.

"నేను పొరబడలేదు ఎబెన్," అన్నాడు అడిల్సన్ అలసటగా, "నువ్వు ఏ పీఆర్ గురించి అడుగుతున్నావో నాకప్పుడే తెలుసు, నేను సిడ్నీ వచ్చిందీ దానికోసమే."