విరిగింది ఏ కాలు

నరసరావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రికార్డుల గది వరండా చిట్టచివర ఉంటుంది. బైకు ప్రమాదాల కేసులకు బీమా కోసం కోడ్‌లు వేసే జెబా ఆ రాత్రి ఒక్కతే కూర్చుని, కారంపూడి రోడ్డులో పడిపోయిన సాంబశివరావు ఫైలు తీసింది. కుడికాలి ఎముక విరిగిందని, ఈ రాత్రికే ఆపరేషన్ అని రాసి ఉంది.

"విరిగింది ఎడమది, అమ్మాయ్."

గుమ్మంలో ఒక పెద్దాయన హెల్మెట్ చేతబట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"నీకెట్టా తెలుసు బాబాయ్?"

"కాలు నాదేగా. బాగున్న కాలు కోయించుకుని ఇంటికెళ్తే మా ఆడది ఊరుకోదు."

జెబాకు నవ్వొచ్చింది. ఎక్స్‌రే తెరిచి చూస్తే నిజంగానే ఎడమకాలు. తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. నడిచి వెళ్ళిన చప్పుడైనా లేదు. ఆమె వెంటనే ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేసింది.

"మంచిపని చేశావే. ఇప్పుడే కుడికాలికి మందు పూస్తన్నాం," అంది నర్సు నీలిమ. "ఎవరు చెప్పారు?"

"ఆయనే వచ్చి చెప్పాడక్కా."

"ఏందే నువ్వనేది? ఆయనకు పొద్దుట్నించీ తెలివే లేదు. నా ఎదురుగా బల్ల మీదున్నాడు."

జెబా ఫోన్ పెట్టేసింది. ఆయన కాలు దక్కిందని సంతోషిస్తూనే, లేచి గుమ్మం తలుపు మూయబోయింది. అంతలో ఖాళీ వరండాలో ఎవరో మొహమాటంగా గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, నా కాగితం కూడా ఒకసారి చూస్తావా?" అంది ఒక ఆడగొంతు. ఆ గొంతు వెనకాల ఇంకా నలుగురైదుగురు వరసలో సర్దుకుంటున్న అలికిడి వినిపించింది.