జమ్ములో రేవు

"నా పడవ ఎక్కడ కట్టుకోనయ్యా?" అంది మావిస్, గట్టు పొడుగునా దట్టంగా పెరిగిన జమ్ముని చూసి.

గట్టు సొంతదారు సిరిల్ పకపకా నవ్వాడు. "కట్టడానికా? ఇందులో బాతు కూడా దూరదమ్మా!"

సొంత రేవు లేని పడవలకి కాలువ ఆఫీసు లైసెన్సు రుసుం పెంచేసింది. ఆ పెంచినదాంట్లో సగం తీసుకుని సిరిల్ ఈ గట్టునే ఐదు పడవలకి రేవని కాగితం రాసిచ్చాడు. పడవల్లోనే కాపురముంటూ ఊరూరా తిరిగేవాళ్లు కదా, ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు.

"ఆఫీసువాళ్లు బాదుతున్నారని మీ ఆయనే వచ్చి కాగితం రాయించుకున్నాడు. నన్నంటారేం? ఆయన్నే పిలవండి."

"కిందటి నెల పోయాడు. లాకు గేట్లు నేనొక్కదాన్నే తొయ్యలేకపోతున్నాను," అంది మావిస్. "ఇక తిరగలేనని నేను పోరినప్పుడల్లా, 'మనకో రేవుందే, గట్టు మీద ప్లమ్ చెట్టు కూడా ఉంది, చివరికి అక్కడే ఉందాం' అనేవాడు. ఏదయ్యా ఆ చెట్టు?"

సిరిల్ నవ్వు ఆగిపోయింది. ఆ గట్టు మీద ఏనాడూ చెట్టన్నది లేదు.

"మొన్న గాలివానకి పడిపోయిందమ్మా," అన్నాడు. "నిండు కాపు మీదుంది, పాపం."