చివరి కాలు ఆనేదాకా

మామిడి కొమ్మ చివర ఎర్రచీమల దండు ఆకుల గూడు కడుతోంది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. గుడ్లన్నీ ఇంకా ఆరుబయటే ఉన్నాయి.

ముందు రెండు ఆకుల అంచులు కలవాలి. ఒకదాని నడుం ఒకటి పట్టుకుని చీమలు గొలుసులా నిలబడ్డాయి. ముసలి చీమ నాంచారత్త "ఊఁ" అంటే అన్నీ ఒక్క అడుగు వెనక్కి లాగి ఆగాలి. చిట్టచివరనున్న కుంటి చీమ కాలు ఆనించాకే మళ్లీ "ఊఁ".

చురుకు అనే పడుచు చీమకి ఒళ్లు మండిపోయింది. "ఇలా ఆగుతూ ఉంటే ఎప్పటికి తెములుతుంది అత్తా? మబ్బు కనబడ్డంలేదా?"

"కనబడుతోంది కాబట్టే ఆగుతున్నానే."

చురుకు వినలేదు. బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది. వెనకాల ఇంకా నిలదొక్కుకోని చీమలు జారాయి. గొలుసు తెగింది. ఆకు ఫట్టున వెనక్కి పోయింది. పొద్దుటినుంచీ పడ్డ పాటంతా మట్టిపాలైంది.

అత్త తిరిగి ఆకు అంచు పట్టుకుని "ఊఁ" అంది. ఆ గొంతులో విసుగు లేదు, తొందరా లేదు. చురుకు ఆ గొంతు వెంటే అడుగు వేసింది.

అంచులు కలవబోతుండగా గాలి విరుచుకుపడింది. ఆ హోరులో అత్త గొంతు వినబడలేదు. ముందున్నవి కంగారుగా గుంజబోయాయి.

"ఆగండే! చివర కుంటిదాని కాలు ఇంకా ఆనలేదు!"

అన్నీ ఆగాయి. కాలు ఆనింది. ఆకులు కలిశాయి. గుడ్లు లోపలికి చేరాకే మొదటి చినుకు పడింది.

అలా అరిచింది తనేనని చురుక్కి అప్పుడు గానీ తెలియలేదు.