పెద్ద అంకెల వాచీ

మా ఆవిడ రోజూ ఆఫీసుకు పెట్టుకోవడానికి నేనొక సన్నటి బంగారు రంగు వాచీ ఎంచాను. దాన్ని పక్కకు జరిపి, దుకాణదారు చూపించిన పెద్ద అంకెల వాచీ తీసుకుంది.

"మీ చేతికి ఇదే నిండుగా ఉందమ్మా" అంటూ అతనే బెల్టు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక అంట్లు తోమే ముందు దాన్ని విప్పి, మెత్తటి గుడ్డతో చెమట తుడిచి, అలమరలో పెట్టింది. నాకెప్పుడైనా అంత సేవ చేసిందా?

"వాడి మాటంటే అంత గురేమిటి?" అన్నాను.

"మీరు స్కూటరు ఆపి వచ్చేలోపు పెద్ద అంకెలున్నది చూపించమని నేనే చెప్పానండీ. నలుగురిలో నా చెయ్యి లాక్కుని టైము చూసేది మీరేగా! కళ్లజోడు పెట్టుకోమంటే నామోషీ."