పొయ్యిలో పిల్లి

తాయారమ్మ పిల్లి రోజూ పొయ్యిలోని బూడిదలోనే పడుకునేది. తెల్లారగానే దాన్ని తిట్టి, అవతలికి తోలి, పొయ్యి వెలిగించడం ఆవిడ మొదటి పని.

ఒకసారి ఆవిడకు జ్వరమొచ్చింది. నుదుటి మీద అప్పడం పెడితే కాలేంత జ్వరం. పొయ్యి వెలగలేదు. పిల్లి వచ్చి ఆవిడ పొట్టమీద ముడుచుకుని గురగురలాడింది. ఆ చప్పుడుకి అటకమీది గిన్నెలన్నీ కిందపడ్డాయి.

"ప్రేమ పొంగుకొచ్చిందేమే?" అంది గడపమీద కూర్చున్న కోడి.

"ప్రేమా లేదు, దోమా లేదు. పొయ్యి చల్లారింది, ఈవిడ వెచ్చగా ఉంది."

మూడోనాటికి ఒళ్ళు నూతినీళ్ళలా చల్లబడింది. ఆవిడ మాత్రం కళ్ళు తెరవలేదు.

"చల్లబడిందిగా, ఇక దిగవే!" అంది కోడి.

"నోర్ముయ్," అని పిల్లి ఇంకా అతుక్కుంది.

నాలుగో ఉదయం తాయారమ్మ మెల్లగా లేచి కూర్చుంది. పిల్లి ఆవిడకన్నా ముందే వంటింట్లోకి పరుగెత్తి, పొయ్యిలో పడుకుని, తిట్ల కోసం చెవులు రిక్కించింది.