బస్రా గోలు

మత్తెక్కించే ఖాత్ ఆకు నమిలే ఆ గదిలో కిటికీ పక్క మెత్త ఎప్పుడూ ముక్‌బిల్‌దే. అవద్ చోటు తలుపు దగ్గర, చెప్పుల పక్కన.

ఇద్దరూ ఎనభై ఆరులో ఏడెన్ నుంచి ఒకే పడవలో షిహ్ర్ రేవుకొచ్చి దిగారు. ఇక్కడ ముక్‌బిల్ అంటే దక్షిణ యెమెన్ ఫుట్‌బాల్ జట్టు. ఆ దేశం ఇప్పుడు లేదు. జట్టూ లేదు. ఇరాక్‌లోని బస్రాలో కొట్టిన గోలు మాత్రం ఉంది. దాని పేరు చెప్పుకుని ముక్‌బిల్‌కు చేపలవాళ్ళు ఒకటి ఎక్కువే వేస్తారు. అవద్‌కు బేరమాడినా వెయ్యరు.

ఆ రోజు ముకల్లా నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. ఆ జట్టు చరిత్ర పుస్తకం వేస్తున్నాడట. ఫొటోలన్నీ యుద్ధంలో కాలిపోయాయి. ఆటగాళ్ళ పేర్లు రాసిన కాగితం ఒక్కటే మిగిలింది.

"ఆ గోలు సంగతి చెప్పండి పెద్దాయనా."

ముక్‌బిల్ బుగ్గలో ఆకు సర్దుకున్నాడు. "ఎడంకాలితో లాగి కొట్టాను. గోల్‌కీపర్ కదల్లేదు."

"మోకాలికి తగిలి లోపలికి పోయింది," అన్నాడు అవద్.

గదంతా నవ్వింది.

"నువ్వెప్పుడైనా బంతి తన్నిన మొహమేనట్రా?" అన్నాడు ఇంటాయన సబీత్. "ఆకు మానేసి కుళ్ళు నములుతున్నావు."

కుళ్ళే. అవద్ కాదనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ గోలు మాట వచ్చినప్పుడల్లా అదే. ఇప్పుడిక అచ్చులో పడుతుంది. పడితే ఎవడూ మార్చలేడు. చెప్పాలంటే ఇవాళే చెప్పాలి.

నోరు తెరిచాడు.

ముక్‌బిల్ అతని వైపు చూశాడు. తన కట్టలోంచి లేత రెమ్మ ఒకటి తుంచి అతని ఒళ్ళోకి విసిరాడు.

అవద్ దాన్ని కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

"మీరేదో అనబోయారు," అన్నాడు పంతులు.

"ఏం లేదు. ఆయన చెప్పినట్టే రాసుకో."

"మీ పేరు?"

"అవద్. పడవలకు రంగులేస్తాను."

ఏడెన్‌లో గుర్తింపు కార్డు మీద పుట్టిన ఊరు చూసి మనుషుల్ని కాల్చేస్తున్న ఆ ఎనభై ఆరు జనవరిలో, అవద్ అనే తన అసలు పేరున్న కార్డు ఈ రంగులేసేవాడి చేతిలో పెట్టి, బస్రాలో గోలు కొట్టిన ఇతని కార్డూ ముక్‌బిల్ అన్న పేరూ తను తీసుకుని తుపాకుల ముందుకు నడిచి, ఎలాగో బతికి బయటపడ్డవాడు ఈ ముక్‌బిలే.