రేపల్లె అక్కగారి చీర

తెనాలి పురజనులకు తెలియజేయడమేమనగా, మా ఇంట్లో ఫోను పట్టుకుని నిలబడే పదవికి నేను రాజీనామా చేస్తున్నాను.

ఆన్‌లైన్‌లో అమ్ముదామని నా భార్య సుధారాణి ఈపురుపాలెం నేత చీరలు తెచ్చింది. నాచేత వీడియో తీయిస్తుంది, చూసుకుంటుంది, "నా మొహం చూసి ఎవరు కొంటారండీ" అని చెరిపేస్తుంది. నా చెయ్యి పడిపోయింది గానీ ఒక్క వీడియో బయటికి పోలేదు.

విసిగిపోయి చెప్పాను. "రేపల్లె నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పసుపు చీర సంగతి ఎవరో చెప్పారంట, కొంగు చూపించమంటోంది."

"ముందు చెప్పరేంటి?" అంటూ సుధారాణి చీర విప్పింది. "రేపల్లె అక్కగారూ, ఇదిగోండి మీ చీర" అని, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పింది. ఈసారి చెరపకుండా పెట్టేసింది.

తెల్లారేసరికి బాపట్ల నుంచి ముగ్గురు అదే చీర కావాలన్నారు.

"ఉన్నది ఒక్కటేగా, ఎవరో ఒకరికి ఇచ్చెయ్యవే" అన్నాను.

"ముందడిగినావిడకి తీసిపెట్టకపోతే మర్యాదేనా? వాళ్ళకి వేరేవి చూపిస్తాను. మీరు ఆవిడకి ఫోన్ చేసి, ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోండి."

వారమైంది. రోజూ అదే పోరు. చీర బీరువాలోనే ఉంది.

ఎవరికని చెయ్యను ఫోను? రేపల్లె అక్కగారిని పుట్టించింది నేనే.